ఆక్స్‌ఫర్డ్‌షైర్ మిలీషియా

ఆక్స్‌ఫర్డ్‌షైర్ మిలీషియా ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌షైర్ కౌంటీకి చెందిన పాక్షికకాల సైనిక దళం. కౌంటీ అనగా మన జిల్లా వంటి పరిపాలనా విభాగము. 1757 నాటి మిలీషియా చట్టము ఈ దళానికి ఆధారము. 1881లో ఇది ఆక్స్‌ఫర్డ్‌షైర్ లైట్ ఇన్‌ఫాంట్రీ రెజిమెంటులో 4వ బెటాలియనుగా చేరింది. 1908లో ప్రత్యేక రిజర్వు బెటాలియనుగా మారటంతో మిలీషియాగా దీని చరిత్ర ముగిసింది. శత్రువు ఇంగ్లండు తీరంపై దిగినప్పుడు ఎదుర్కొనుట ఈ దళపు ముఖ్యోద్దేశము. అయితే అటువంటి యుద్ధం ఏదీ జరగలేదు. చరిత్రలో ఈ దళం పేరు నిలిచిపోవడానికి కారణం 1795లో ఆహారం కోసం దాని సైనికులు చేసిన తిరుగుబాటు, దానికి వారు అనుభవించిన శిక్షలు.

మిలీషియా అనగానేమి

మిలీషియా అనునది స్థానిక పౌరులతో ఏర్పడిన సైన్యము. ఇందులోని సైనికులు శాంతికాలంలో తమ తమ వృత్తులు చేసుకుంటూ, సంవత్సరంలో కొన్ని రోజులు మాత్రమే కవాతు, తుపాకి శిక్షణ పొందేవారు. యుద్ధం వచ్చినపుడు, లేదా దండయాత్ర భయం కలిగినపుడు ప్రభుత్వం వారిని పూర్తికాల సేవకు పిలిచేది. అప్పటినుండి ఇంటికి పంపేవరకు వారు సాధారణ సైనికులవలెనే జీతం తీసుకుని, సైనిక శిక్షాస్మృతికి లోబడి ఉండవలెను. రాజుగారి స్థిర సైన్యానికీ మిలీషియాకూ ముఖ్యమైన భేదం ఒకటున్నది. స్థిర సైన్యాన్ని ప్రపంచంలో ఎక్కడికైనా పంపవచ్చును. మిలీషియాను మాత్రం స్వదేశ రక్షణకే వాడవలెను. ప్రతి కౌంటీలోనూ రాజప్రతినిధియైన లార్డ్ లెఫ్టినెంట్ అను ఉన్నతాధికారి మిలీషియాకు అధిపతి. సాధారణంగా ఆ కౌంటీలోని పెద్ద భూస్వామియే ఈ పదవిలో ఉండేవాడు.

పూర్వ చరిత్ర

శరీరదారుఢ్యం గల ప్రతి పురుషుడూ దేశరక్షణకు బాధ్యుడనే భావన ఇంగ్లండులో చాలా ప్రాచీనమైనది. 1558లో చేసిన చట్టాలు ఎవరెవరు తమ ఆస్తిని బట్టి ఎన్ని ఆయుధాలు, గుర్రాలు సిద్ధంగా ఉంచవలెనో నిర్ణయించాయి. 1573 నుండి మొదటి ఎలిజబెత్ రాణి ప్రభుత్వం ప్రతి కౌంటీలోనూ కొందరిని ఎంపికచేసి శిక్షణ ఇప్పించింది. వీటిని శిక్షిత దళాలు అనేవారు. 1588లో స్పెయిన్ నౌకాదళం దండెత్తి వచ్చినపుడు ఈ దళాలను సమీకరించారు.

మిలీషియాపై అధికారం రాజుదా, పార్లమెంటుదా అన్న వివాదము 1642లో మొదలైన అంతర్యుద్ధానికి ఒక ముఖ్య కారణము. ఆ యుద్ధంలో మొదటి చార్లెస్ రాజు ఆక్స్‌ఫర్డ్ నగరాన్నే తన రాజధానిగా చేసుకొన్నాడు. రాజరికం పునరుద్ధరింపబడిన తరువాత 1662లో వచ్చిన చట్టం, మిలీషియా భారాన్ని ఆస్తిపరులపై ఉంచింది. సంవత్సరానికి 500 పౌండ్ల ఆదాయం గలవారు ఒక ఆశ్వికుణ్ణి, 50 పౌండ్ల ఆదాయం గలవారు ఒక పదాతిని సమకూర్చవలెను. 18వ శతాబ్దపు మొదటి భాగంలో ఈ వ్యవస్థ క్షీణించి, కాగితాలకే పరిమితమైనది.

1757 మిలీషియా చట్టం

1756లో ఫ్రాన్సుతో ఏడేళ్ళ యుద్ధం మొదలయ్యేనాటికి ఇంగ్లండులో చాలినంత సైన్యం లేదు. దేశరక్షణకై జర్మనీ ప్రాంతాలైన హెస్, హానోవర్‌ల నుండి సైనికులను రప్పించవలసి వచ్చింది. స్వదేశాన్ని కాపాడుకొనుటకు విదేశీయులపై ఆధారపడటం అవమానకరమని ప్రజలు భావించారు. జార్జ్ టౌన్‌షెండ్ ప్రతిపాదించి, విలియం పిట్ బలపరచిన మిలీషియా బిల్లు 1757లో చట్టమైనది. దీని ప్రకారం ఇంగ్లండు, వేల్సులు రెండింటిలో కలిపి సుమారు 32,000 మందిని సమకూర్చవలెను. ఇందులో ఆక్స్‌ఫర్డ్‌షైర్ వంతు 560 మంది.

ఎంపిక విధానం

ప్రతి పారిష్‌లోనూ (చర్చి ఆధారంగా ఏర్పడిన గ్రామ స్థాయి పరిపాలనా విభాగం) 18 నుండి 50 సంవత్సరాల వయసుగల పురుషుల జాబితా తయారుచేసేవారు. 1762లో ఈ వయోపరిమితిని 45కు తగ్గించారు. జాబితాలోనుండి చీట్లు తీసి, పేరు వచ్చినవారిని మూడేళ్ళ సేవకు తీసుకొనేవారు. ప్రభువులు, మతాచార్యులు, విశ్వవిద్యాలయ సభ్యులు, వృత్తి నేర్చుకొంటున్న శిష్యులు, నావికులు మొదలగువారికి మినహాయింపు ఉండేది. అందువలన ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు పండితులకు, విద్యార్థులకు చీటీ భయం లేదు.

చీటీ వచ్చినవారు తమ బదులు మరొక మనిషిని పంపవచ్చును. లేదా 10 పౌండ్ల జరిమానా చెల్లించవచ్చును. కూలివానికి 10 పౌండ్లంటే ఎన్నో నెలల సంపాదన. కలిగినవారు డబ్బిచ్చి తప్పించుకొనగా, కూలీలు, చేతివృత్తులవారు దళంలో చేరవలసి వచ్చేది. ఆ విధంగా అందరికీ సమానమైన బాధ్యత అని చెప్పబడినది ఆచరణలో పేదవారి బాధ్యతగా మారింది. దళం పూర్తికాల సేవలో ఉన్నంతకాలం సైనికుని భార్యాబిడ్డలకు పారిష్ నిధులనుండి భత్యం ఇచ్చే ఏర్పాటు మాత్రం ఉండేది.

అధికారులు

అధికారి పదవికి భూమి ఆస్తి ఉండుట తప్పనిసరి. హోదా పెరిగినకొద్దీ ఉండవలసిన ఆస్తి కూడా పెరిగేది. దేశంలో ఆస్తి ఉన్నవాడు దేశాన్ని రాజుకు బానిసగా చేయడనునది దీనిలోని తర్కము. ఆక్స్‌ఫర్డ్‌లో న్యాయశాస్త్ర ఆచార్యుడైన విలియం బ్లాక్‌స్టోన్ తన ప్రసిద్ధ న్యాయ వ్యాఖ్యానాలలో మిలీషియాను రాజ్యాంగబద్ధమైన రక్షణగా మెచ్చుకొన్నాడు. 1776లో ఆడమ్ స్మిత్ దీనికి భిన్నమైన అభిప్రాయం వెలిబుచ్చాడు. నిత్యం ఆయుధాలతోనే ఉండే స్థిర సైన్యం ముందు, అప్పుడప్పుడు కవాతు చేసే మిలీషియా నిలువజాలదని అతని వాదన.

ప్రజల వ్యతిరేకత

చీట్ల పద్ధతిపై 1757లో పలు కౌంటీలలో అల్లర్లు జరిగాయి. తమను విదేశాలకు పంపివేస్తారేమోనని ప్రజలు భయపడ్డారు. 1761 మార్చి 9న నార్తంబర్‌లాండ్ కౌంటీలోని హెక్సమ్ పట్టణంలో చీట్లకు వ్యతిరేకంగా గుమికూడిన జనంపై నార్త్ యార్క్‌షైర్ మిలీషియా కాల్పులు జరిపింది. సుమారు 50 మంది మరణించారు. ఒక కౌంటీ ప్రజలను అదుపు చేయుటకు మరొక కౌంటీ మిలీషియాను వాడుకొను పద్ధతికి ఇది ఘోరమైన ఉదాహరణ.

ఫ్రెంచి యుద్ధాలు, స్వస్థలానికి దూరంగా సేవ

1757 చట్టం అన్ని కౌంటీలలోనూ ఒకేసారి అమలు కాలేదు. కొన్నిచోట్ల దళాల ఏర్పాటు ఏళ్ళ తరబడి ఆలస్యమైనది. 1769లో మిలీషియాను శాశ్వత వ్యవస్థగా చేశారు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో ఫ్రాన్సు చేరడంతో 1778లో దేశమంతటా మిలీషియాను సమీకరించారు. దక్షిణ ఇంగ్లండులో పెద్ద పెద్ద శిబిరాలు వెలసి, వాటిలో పలు కౌంటీల దళాలు కలిసి కవాతు చేసాయి.

1793లో విప్లవ ఫ్రాన్సుతో యుద్ధం ఆరంభమైనపుడు మిలీషియా మరల పూర్తికాల సేవకు వచ్చింది. ప్రభుత్వం మిలీషియా దళాలను సాధ్యమైనంతవరకు వాటి స్వంత కౌంటీలలో ఉంచేది కాదు. సైనికులు తమ బంధుమిత్రులపై ఆయుధమెత్తడానికి వెనుకాడుతారని దీనికి కారణము. పూర్వం సైనికులు సత్రాలలోను, పూటకూళ్ళ ఇళ్ళలోను బస చేసేవారు. 1792 నుండి ప్రభుత్వం విరివిగా బారకాసులు కట్టించసాగింది. సైనికులు సామాన్య ప్రజలతో కలిసిమెలిసి వారి భావాలను పంచుకొనకుండా చేయుట దీనిలోని ఒక ఉద్దేశ్యము. 1795 నాటికి ఆక్స్‌ఫర్డ్‌షైర్ దళం ససెక్స్ కౌంటీ సముద్రతీరంలో, సీఫర్డ్ పట్టణం ప్రక్కనున్న బ్లాచింగ్టన్ బారకాసులలో ఉన్నది.

1795 తిరుగుబాటు

నేపథ్యం

1794-95 శీతాకాలం మిక్కిలి తీవ్రమైనది. మధ్య ఇంగ్లండు ఉష్ణోగ్రతల పట్టికలో అన్నిటికన్నా చల్లని నెల 1795 జనవరి. దానికి ముందు పంట సరిగా పండలేదు. యుద్ధంవలన విదేశీ ధాన్యం రాక కూడా కష్టమైనది. 1794లో క్వార్టరు (ఎనిమిది బుషెళ్ళ కొలత) గోధుమల సగటు ధర సుమారు 52 షిల్లింగులు. 1795లో అది 75 షిల్లింగులకు పెరిగింది. సైనికుని రోజు జీతం మాత్రం 8 పెన్నీలు. 12 పెన్నీలు ఒక షిల్లింగు. ఆ 8 పెన్నీలలోనుండి కూడా కొన్ని కోతలుండేవి.

ఆనాటి ఇంగ్లీషు ప్రజలలో ధర విషయమై ఒక ఆచారముండేది. కరువుకాలంలో వ్యాపారులు ధాన్యం దాచినా, ఇతర ప్రాంతాలకు తరలించినా జనం గుమికూడి, ఆ సరుకును పట్టుకొని, తమకు న్యాయమని తోచిన ధరకు అమ్మించేవారు. ఇది దోపిడి కాదనీ, న్యాయమైన ధర వసూలనీ వారి నమ్మకము. 1795 వసంతంలో ఇటువంటి ఘటనలు అనేకచోట్ల జరిగాయి. సాధారణంగా ఇటువంటి జనాన్ని చెదరగొట్టుటకు మిలీషియానే పంపేవారు. ఈసారి మిలీషియా తానే ఆ జనం పాత్ర వహించింది.

ఘటనలు

1795 ఏప్రిల్ మధ్యలో ఆక్స్‌ఫర్డ్‌షైర్ సైనికులు వందలాదిగా, అధికారుల మాట వినక, తుపాకులకు బాయ్‌నెట్లు తగిలించి బారకాసులనుండి సీఫర్డ్ పట్టణానికి బయలుదేరారు. అక్కడి దుకాణాలలోని మాంసం, పిండి మొదలగు ఆహార పదార్థాలను పట్టుకొని తక్కువ ధరకు అమ్మివేశారు. సీఫర్డ్, న్యూహేవెన్ పట్టణాల మధ్య బిషప్‌స్టోన్ వద్ద సముద్రపు పోటుపాటులతో నడిచే పిండిమరలు ఉండేవి. అక్కడి పిండి ఓడలలో ఇతర ప్రాంతాలకు వెళ్ళేది. సైనికులు ఆ పిండిని కూడా స్వాధీనం చేసుకొన్నారు. తరువాత న్యూహేవెన్ పట్టణాన్ని ఆక్రమించారు. వారిలో కొందరు రాత్రంతా మద్యం సేవించారు.

ఈ వార్త తెలిసి ప్రభుత్వం ఇతర దళాలను రప్పించింది. లాంకషైర్ ఫెన్సిబుల్ ఆశ్వికులు, గుర్రపు ఫిరంగిదళం వచ్చి తిరుగుబాటుదారులను చుట్టుముట్టాయి. రెండు రోజులలో తిరుగుబాటు అణగిపోయింది.

విచారణ, శిక్షలు

ప్రభుత్వం ఈ ఘటనను మిక్కిలి తీవ్రంగా పరిగణించింది. ఫ్రాన్సులో రాజును చంపి రెండేళ్ళు గడిచాయి. ఆ ఫ్రాన్సుకు ఎదురుగా ఉన్న తీరంలోనే సాయుధ సైనికులు ఆకలిగొన్న ప్రజల పక్షం వహించుట పాలకులను భయపెట్టింది. తిరుగుబాటుదారులలో కొందరిని బ్రైటన్‌లో సైనిక న్యాయస్థానం విచారించింది. మరికొందరు పౌర న్యాయస్థానం ముందు నిలబడ్డారు. పౌర న్యాయస్థానం మరణశిక్ష విధించిన ఇద్దరిని హోర్షం పట్టణంలో ఉరితీశారు.

సైనిక న్యాయస్థానం ఎడ్వర్డ్ కుక్, హెన్రీ పారిష్ అను ఇద్దరు సైనికులకు తుపాకి కాల్పులద్వారా మరణశిక్ష విధించింది. మరికొందరికి కొరడా దెబ్బలు శిక్షగా పడ్డాయి. 1795 జూన్ 13న బ్రైటన్ ప్రక్కనున్న హోవ్‌లో, గోల్డ్‌స్టోన్ బాటమ్ అను పల్లపు మైదానంలో ఈ శిక్షలు అమలైనవి. చుట్టుప్రక్కల శిబిరాలలోని దళాలన్నిటినీ అక్కడ వరుసలు తీర్చి నిలబెట్టి చూపించారు. కాల్చే పని కూడా ఆక్స్‌ఫర్డ్‌షైర్ దళానికే, అందులోను తిరుగుబాటులో పాల్గొన్నవారికే అప్పగించారు. తాను దళమంతా చేసిన పనికి ప్రాణమిస్తున్నాననీ, తాను ఎవరికీ హాని చేయలేదనీ కుక్ చనిపోవుటకు ముందు తన అన్నదమ్మునికి జాబు వ్రాశాడు.

పర్యవసానం

శిక్షలద్వారా భయం కలిగించినా, సైనికులకు కడుపు నిండుటలేదన్న సంగతిని ప్రభుత్వం విస్మరించలేకపోయింది. అదే సంవత్సరం మే 6న ఆక్స్‌ఫర్డ్‌షైర్‌కు ఆనుకొనియున్న బెర్క్‌షైర్ కౌంటీలోని స్పీనమ్‌లాండ్‌లో న్యాయాధికారులు సమావేశమై, రొట్టె ధరను బట్టి కూలీల కుటుంబాలకు పారిష్ సహాయం పెంచవలెనని తీర్మానించారు. 1797లో నౌకాదళంలో పెద్ద తిరుగుబాట్లు జరిగిన పిదప పదాతి సైనికుని జీతం రోజుకు 8 పెన్నీలనుండి ఒక షిల్లింగుకు పెరిగింది.

హెన్రీ ఆస్టెన్

ఆంగ్ల నవలా రచయిత్రి జేన్ ఆస్టెన్ అన్న హెన్రీ ఆస్టెన్ ఈ దళంలో అధికారి. ఇతడు ఆక్స్‌ఫర్డ్‌లోని సెయింట్ జాన్స్ కళాశాలలో చదివి, 1793లో లెఫ్టినెంటుగా చేరాడు. తరువాత కాప్టెనుగాను, జీతాల చెల్లింపు అధికారిగాను పనిచేశాడు. 1801లో దళాన్ని విడిచి లండనులో బ్యాంకరు, సైనిక ఏజెంటు అయ్యాడు. 1816లో ఇతని బ్యాంకు దివాలా తీసింది. పిదప మతాచార్యుడయ్యాడు. చెల్లెలి నవలల ప్రచురణలో ఇతని సహాయం ఉన్నది.

1813లో వెలువడిన జేన్ ఆస్టెన్ నవల ప్రైడ్ అండ్ ప్రెజుడిస్‌లో ఒక మిలీషియా దళం చిన్న పట్టణంలో విడిదిచేసి, తరువాత బ్రైటన్ శిబిరానికి వెళ్తుంది. అందులోని వికమ్ అను పాత్ర మిలీషియా అధికారి. నవలలో మిలీషియా అంటే ఎర్రకోట్లు ధరించిన యువ అధికారులు, విందులు, నృత్యాలు. దళంలోని సామాన్య సైనికుల బ్రతుకు ఎట్టిదో తెలుసుకొనదలచిన పాఠకులకు 1795 ఘటనలు ఆ చిత్రంలోని రెండవ ప్రక్కను చూపుతాయి.

19వ శతాబ్దం

నెపోలియనుతో యుద్ధాలు సాగిన కాలంలో మిలీషియా క్రమంగా స్థిర సైన్యానికి మనుషులను అందించే మార్గమైనది. 1799 నుండి మిలీషియా సైనికులను బహుమతి సొమ్ముతో ప్రోత్సహించి స్థిర సైన్యంలో చేర్చుకొనేవారు. స్వదేశ రక్షణకే చేరిన మనిషి స్వచ్ఛందంగానే అయినా విదేశాలకు వెళ్ళే దారి ఇలా తెరుచుకొన్నది. 1815లో యుద్ధాలు ముగిసిన తరువాత దళాలను ఇళ్ళకు పంపివేశారు. ఆపై చీట్ల పద్ధతి వాడుకనుండి తొలగింది. చాలాకాలం మిలీషియా పేరుకు మాత్రమే మిగిలింది.

1852లో వచ్చిన కొత్త చట్టం మిలీషియాను పునరుద్ధరించింది. ఈసారి చీట్లకు బదులు స్వచ్ఛందంగా చేరేవారినే తీసుకొన్నారు. ఇంగ్లండు, వేల్సులకు 80,000 మంది లక్ష్యంగా నిర్ణయించారు. వ్యవసాయ పనులు లేని కాలంలో కొంత జీతం, బహుమతి సొమ్ము దొరుకుతాయని పల్లెటూరి కూలీలు ఇందులో చేరేవారు. క్రిమియా యుద్ధకాలంలో (1854-56) స్థిర సైన్యం నల్లసముద్ర ప్రాంతానికి వెళ్ళగా, దాని స్థానంలో కొన్ని మిలీషియా దళాలు స్వచ్ఛందంగా మధ్యధరా సముద్ర ప్రాంతపు కోటలలో కాపలాకు వెళ్ళాయి. వాటిలో ఆక్స్‌ఫర్డ్‌షైర్ దళం ఒకటి. ఈ సేవకు గుర్తుగా దళానికి 'మెడిటరేనియన్' అను గౌరవ చిహ్నం లభించింది.

1881 తరువాత

1881లో సైనిక సంస్కరణలలో భాగంగా కౌంటీ మిలీషియాలను స్థిర సైన్యపు రెజిమెంట్లతో జతచేశారు. 43వ, 52వ పదాతి రెజిమెంట్లు కలిసి ఆక్స్‌ఫర్డ్‌షైర్ లైట్ ఇన్‌ఫాంట్రీ ఏర్పడింది. పొరుగున ఉన్న బకింగ్‌హామ్‌షైర్ మిలీషియా దీనిలో 3వ బెటాలియను, ఆక్స్‌ఫర్డ్‌షైర్ మిలీషియా 4వ బెటాలియను అయినవి. రెజిమెంటు ప్రధాన స్థావరం ఆక్స్‌ఫర్డ్ శివారులోని కౌలీ బారకాసులు.

యుద్ధమంత్రి హాల్డేన్ 1907-08లో చేసిన సంస్కరణలతో మిలీషియా ప్రత్యేక రిజర్వుగా మారింది. ఆక్స్‌ఫర్డ్‌షైర్ దళం ఆక్స్‌ఫర్డ్‌షైర్ అండ్ బకింగ్‌హామ్‌షైర్ లైట్ ఇన్‌ఫాంట్రీలో 3వ (ప్రత్యేక రిజర్వు) బెటాలియను అయినది. మొదటి ప్రపంచయుద్ధంలో ఇది పోర్ట్స్‌మత్‌లోను, 1917 నుండి డోవర్‌లోను ఉంటూ, కొత్తవారికి శిక్షణ ఇచ్చి యుద్ధభూమికి పంపింది. బెటాలియనుగా ఇది స్వయంగా యుద్ధంలో పాల్గొనలేదు.

భారతదేశంతో సంబంధం

స్వదేశ రక్షణకే పరిమితమైన దళం కావున ఆక్స్‌ఫర్డ్‌షైర్ మిలీషియా భారతదేశంలో పనిచేయలేదు. భారత చరిత్రలో కనిపించే ఆక్స్‌ఫర్డ్‌షైర్ రెజిమెంటు వేరు. అది స్థిర సైన్యానికి చెందిన 52వ పదాతి రెజిమెంటు. ఈ రెజిమెంటు మైసూరు యుద్ధాలలో టిప్పు సుల్తానుపై పోరాడింది. 1857లో ఢిల్లీ ముట్టడిలో కాశ్మీరీ దర్వాజా వద్ద జరిగిన దాడిలో పాల్గొన్నది. 1881లో ఈ రెండు దళాలు ఒకే రెజిమెంటు క్రిందకు వచ్చినందున పాఠకులు వీటిని ఒకటిగా పొరబడే అవకాశమున్నది. మొదటి ప్రపంచయుద్ధంలో ఈ రెజిమెంటు 1వ బెటాలియను భారత సైన్యపు 6వ పూనా డివిజనుతో కలిసి మెసపొటేమియాలో పోరాడి, 1916 ఏప్రిల్‌లో కుట్ పట్టణం వద్ద తురుష్కులకు లొంగిపోయింది.

ప్రాముఖ్యత

ఆక్స్‌ఫర్డ్‌షైర్ మిలీషియా చరిత్ర ఇంగ్లీషు కౌంటీ మిలీషియా వ్యవస్థలోని అంతర్గత వైరుధ్యాన్ని స్పష్టంగా చూపుతుంది. ప్రజలే తమను తాము కాపాడుకొనవలెననునది ఈ వ్యవస్థకు మూలమైన ఆదర్శము. కానీ ఆస్తిపరులు అధికారులుగాను, డబ్బిచ్చి తప్పుకొనలేనివారు సైనికులుగాను మారటంతో దళంలోనే సమాజపు తారతమ్యాలు చోటుచేసుకొన్నాయి. సైనికుడు తన ఊరికి దూరమైనా ఆ ఊరి కూలీగానే ఆలోచించాడు. రొట్టె ధర పెరిగినపుడు ఊరిలో తన తండ్రి, అన్నదమ్ములు చేసే పనినే తాను ఆయుధంతో చేశాడు. ఆయుధం చేతిలో ఉన్నందువలననే అతని నేరం మరణశిక్షకు అర్హమైనది.

1958లో రెజిమెంటు పేరు 1వ గ్రీన్ జాకెట్స్‌గా మారింది. 1966లో అది రాయల్ గ్రీన్ జాకెట్స్‌లోను, 2007లో ద రైఫిల్స్‌లోను విలీనమైనది. ఆక్స్‌ఫర్డ్‌షైర్ సైనికుల చరిత్రను తెలిపే వస్తుప్రదర్శనశాల 2014లో ఆ కౌంటీలోని వుడ్‌స్టాక్ పట్టణంలో ప్రారంభమైనది.